పిల్లల కోసం ఆదివారం మైదానంలో

1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల తొలి పరుగు ఆదివారం పడిందని ఎరిక్ లిడెల్ అందులో పాల్గొనలేదు. 400 మీటర్లలో 47.6 సెకన్లతో స్వర్ణం గెలిచారు. సండేస్కూల్లో మనం ఇంతవరకే చెబుతాం.

తరువాత ఆయన చైనాలో మిషనరీ అయ్యారు. 1943లో జపాన్‌వారు వైషియన్ శిబిరంలో నిర్బంధించారు. అక్కడ తల్లిదండ్రులకు దూరమైన పిల్లలెందరో ఉన్నారు. వారికి ఆటలు నేర్పారు. ఆదివారం మాత్రం ఆడించేవారు కాదు. ఒక ఆదివారం పెద్దవారెవరూ లేకుండా పిల్లలు హాకీ ఆడి కొట్టుకున్నారు. ఆ తరువాత ఆదివారాల్లోనూ ఆయనే రిఫరీగా నిలిచారు. పతకం కోసం వదలని నియమాన్ని పిల్లల సమాధానం కోసం సడలించారు. 1945 ఫిబ్రవరి 21న అక్కడే ప్రభువునందు నిద్రించారు.

పోటీ నుండి వచ్చిన బిడ్డను గెలిచావా అని అడుగుతాం. ఓడినవారితో చేయి కలిపావా అని కూడా అడుగుదాం.