పరుల యుద్ధానికి పల్లె గింజలు: ఏడో నిజాం బతుకు చెప్పే పాఠం

దేశంలో జనం కరువుతో, ధరలతో అల్లాడుతుంటే, ఖజానా నిండుగా ఉన్న సర్కారు పరాయి యుద్ధాల్లో తల దూర్చవచ్చునా? ఇది అమెరికాకో, ఐరోపాకో సంబంధించిన ప్రశ్న అని చాలామంది అనుకుంటారు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఆ ధనిక దేశాలు వేల కోట్ల విలువైన ఆయుధాలు పంపాయి. అదే ఏడు అక్కడి కార్మికులు పెరిగిన ధరలు భరించలేక సమ్మెలు చేశారు. ప్రపంచ మార్కెట్లో ఎరువుల ధరలు కూడా ఎగబాకాయి. ఎక్కడో పేలిన తుపాకీ మన మడి కట్ట మీదికి ఎట్లా వస్తుందో అప్పుడు అందరికీ తెలిసింది. చందానగర్ కూలీ అడ్డా మీద నిలబడే పాలమూరు అన్నలు, అక్కలు కూడా ఈ ప్రశ్న మమ్మల్ని అడుగుతున్నారు.

జవాబు కోసం సముద్రాలు దాటి పోనక్కర లేదు. ఒకనాడు ప్రపంచంలోనే అందరికన్నా ధనవంతుడని పేరు పడ్డ మనిషి మన హైదరాబాదులోనే ఉండేవాడు. పరుల యుద్ధాలకు రెండుసార్లు చేతికి ఎముక లేకుండా ఇచ్చాడు. ఆయనే ఏడో నిజాం, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. ఆయన బతుకును ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని చూద్దాం.

తన జేబు, సర్కారు ఖజానా

ఆయన 1886 ఏప్రిల్ 6న పుట్టాడు. తండ్రి మహబూబ్ అలీ ఖాన్ 1911 ఆగస్టులో చనిపోతే పాతికేళ్ల వయసులో గద్దె ఎక్కాడు. అప్పటి హైదరాబాదు రాజ్యం అంటే తెలంగాణ ఒక్కటే కాదు, మరాఠ్వాడా, కొన్ని కన్నడ జిల్లాలు కూడా. ఆ రాజ్యంలో భూమి మూడు రకాలుగా ఉండేది. సర్కారుకు శిస్తు కట్టే దివానీ భూమి ఒకటి. జాగీర్దార్లు, పాయిగాల చేతిలో ఉన్నది రెండోది. నిజాం సొంత ఖర్చుల కింద జమ అయ్యే సర్ఫ్-ఎ-ఖాస్ మూడోది. రాజ్యంలోని భూమిలో సుమారు పదో వంతు ఈ మూడో రకమే.

నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా సర్ఫ్-ఎ-ఖాస్ కిందిదే. ఈనాడు చందానగర్, లింగంపల్లి, మాదాపూర్ అంటే అద్దాల మేడలు, సాఫ్ట్‌వేర్ కంపెనీలు కనిపిస్తాయి. ఒకప్పుడు నగరం చుట్టుపక్కల రైతు కట్టిన శిస్తు నేరుగా నిజాం సొంత పెట్టెలో పడేది. చందానగర్ పక్కనే ఉన్న హఫీజ్‌పేట పాయిగా భూముల దావా దశాబ్దాలపాటు కోర్టుల్లో నలిగింది. రాజు పోయినా రాజు భూముల పేచీ పోలేదన్న మాట.

ప్రపంచంలో ధనవంతుడు అన్న పేరు ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమవుతుంది. 1937లో ఒక అమెరికన్ పత్రిక ఆయన బొమ్మను అట్ట మీద వేసింది. కానీ ధనవంతుడైన రాజు వేరు, ధనమున్న ప్రజలు వేరు. ఈ తేడా మరిచిపోతే ఆ తర్వాత కథ మనకు బోధపడదు.

మొదటి యుద్ధం: బిరుదులు వచ్చాయి, బేరార్ రాలేదు

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. అది ఇంగ్లండు, జర్మనీ దొరలు మార్కెట్ల కోసం, వలసల కోసం చేసుకున్న యుద్ధం. తెలంగాణ రైతుకు జర్మనీ రైతుతో గెట్టు తగాదా ఏమీ లేదు. టర్కీ సుల్తాను జర్మనీ పక్షం చేరేసరికి, భారత ముస్లిములు తమ మీద తిరగబడతారేమోనని ఇంగ్లీషువాళ్లకు భయం పట్టుకుంది. బ్రిటిషు వైపే నిలబడమని నిజాం ఫర్మానా వేయించి వాళ్ల భయం తీర్చాడు. హైదరాబాదు లాన్సర్ల గుర్రపు దళాన్ని ఈజిప్టుకు పంపాడు. ఆ దళం సూయజ్ కాలువ దగ్గర, తర్వాత పాలస్తీనాలో పనిచేసింది. ఢిల్లీలో తీన్‌మూర్తి దగ్గర ఉన్న మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాదు సిపాయిది.

1918లో బ్రిటిషు వైమానిక సేనలోని 110వ దళానికి విమానాలన్నీ నిజాం కానుకే. ప్రతి విమానం మీదా అది ఆయన ఇచ్చిన కానుక అని రాశారు. వాటిలో ఒకటి ఇప్పటికీ లండన్ మ్యూజియంలో ఉంది.

ఈ నిర్ణయాలు ఎవరు చేశారు? 1914 చివర దివాను మూడో సాలార్‌జంగ్ తప్పుకున్నాడు. అక్కడి నుంచి 1919 దాకా దివాను లేకుండా నిజామే స్వయంగా పాలించాడు. శాసనసభలో చర్చ లేదు, ఓటు లేదు, అడిగే నోరు లేదు. ఒక్క మనిషి సంతకంతో పని అయిపోయింది.

అదే కాలంలో పల్లెల్లో ఏం జరిగింది? 1918లో వానలు ఎగ్గొట్టాయి. ఇన్‌ఫ్లుయెంజా జ్వరం ఊళ్లను ఊడ్చింది, ప్లేగు సరేసరి. 1911 జనాభా లెక్కల్లో రాజ్యంలో 1 కోటి 33 లక్షలకు పైగా జనం ఉంటే, 1921లో 1 కోటి 24 లక్షల చిల్లరకు తగ్గారు. పదేళ్లలో జనం పెరగాల్సింది పోయి సుమారు 9 లక్షలు తరిగారు. జ్వరాన్ని నిజాం తెప్పించాడని మేము అనడం లేదు. కానీ ఆకాశంలో ఎగిరే విమానానికి దొరికిన పైసా అంబలి కేంద్రానికి, మందుకు దొరికిందా అని అడిగే హక్కు చచ్చినవాళ్ల బిడ్డలుగా మనకుంది.

ఇంత ఇచ్చినందుకు 1918లో ఆయనకు పెద్ద బిరుదులు దక్కాయి. మిగతా రాజులందరికన్నా ఒక మెట్టు పైన కూర్చోబెట్టారు, బ్రిటిషు ప్రభుత్వానికి నమ్మకమైన మిత్రుడన్నారు. ఆయన మనసంతా బేరార్ మీద ఉంది. పత్తి పండే ఆ సీమను ఇంగ్లీషువాళ్లు 1902లో శాశ్వత కౌలు పేరుతో గుంజుకున్నారు. దాన్ని తిరిగి ఇమ్మని ఆయన 1923లో రాస్తే, 1926లో వైస్రాయి రీడింగ్ ససేమిరా అన్నాడు. పైగా సార్వభౌమాధికారం బ్రిటిషు వాళ్లదే, సాటివాడిలా మాట్లాడవద్దని మొహం మీదే చెప్పాడు. మిత్రుడి విలువ అంతే! చివరికి 1936లో కొడుక్కి బేరార్ యువరాజు అనే పేరు మాత్రం ఇచ్చి సరిపెట్టారు.

మంచిని కాదనము

ఆయన హయాంలో మంచి పనులు జరగలేదని మేము అనము. 1908 మూసీ వరద తర్వాత 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ మంజీర నీళ్లను మడులకు మళ్లించింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టింది. ఇవి కూడా రైతు శిస్తుతో కట్టినవే, అయినా రైతు బిడ్డలకు ఎంతో కొంత దక్కినవి. అదే ఖజానా చెరువు తవ్వగలదు, విమానం కొనగలదు. ఏది ముందు అన్నదే మన పేచీ.

రెండో యుద్ధం: లెవీ

1939లో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. హైదరాబాదు పేరుతో మళ్లీ బ్రిటిషు విమాన దళాలు ఎగిరాయి. ఆస్ట్రేలియా నౌకాదళంలో ఒక యుద్ధనౌకకు నిజాం అనే పేరు పెట్టారు.

పల్లెల్లో ఆ యుద్ధానికి పేరు లెవీ. యుద్ధకాలపు కొరత పేరు చెప్పి, సర్కారు రైతు దగ్గర ఎకరాకు ఇంత అని ధాన్యం కొలిపించుకునేది. ధర సర్కారు కట్టినదే, బజారు ధరకన్నా తక్కువ. లెక్క రాసేవాడు పటేలు, పట్వారీ. దేశ్‌ముఖు గడీలో బస్తాలు కొండలా ఉన్నా కాగితం మీద తక్కువే పడేది. నాలుగు ఎకరాల పేదరైతు పంట ఎండిపోయినా కొలవాల్సిందే. ఇంట్లో గింజ లేక, బజారులో ఎక్కువ ధరకు కొని తక్కువ ధరకు లెవీ కట్టినవాళ్లున్నారు. 1943లో బెంగాల్లో సుమారు 30 లక్షల మంది తిండి లేక చచ్చిపోయింది కూడా ఈ యుద్ధకాలపు పాలనలోనే.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. హిట్లర్ ఓడిపోవాలని మనవాళ్లు కూడా కోరుకున్నారు. 1941లో సోవియట్ మీద దాడి జరిగాక కమ్యూనిస్టులు దాన్ని ప్రజాయుద్ధం అన్నారు. ఫాసిజం గెలిస్తే ఏ దేశపు కూలీకీ బతుకుండదు. కాబట్టి పరాయివాడి కష్టం మనకెందుకు అనేది కూలీ జనం మాట కాదు. మోసే బరువు ముందుగా మోయగలవాడి భుజం మీద పెట్టాలన్నదే మన మాట. గడీ గాదెలు మూసే ఉంచి, గుడిసెలో కుండ ఖాళీ చేస్తే అది సహాయం కాదు, దోపిడీ.

1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన భువనగిరిలో ఆంధ్ర మహాసభ జరిగాక సంఘం ఊరూరికీ పాకింది. అన్యాయపు లెవీ మీద, వెట్టి మీద, బేదఖళ్ల మీద జనం కర్రలు పట్టారు. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖు మనుషుల తుపాకీకి దొడ్డి కొమరయ్య బలయ్యాడు. ఆ తర్వాత జరిగింది లోకానికి తెలుసు.

చివరి ఖర్చులు

1948లో రాజ్యం అట్టుడుకుతూ, రజాకార్లు ఊళ్లు తగలబెడుతూ ఉంటే, నిజాం సర్కారు పాకిస్తానుకు 20 కోట్ల రూపాయల అప్పు ఇవ్వజూపింది. సెప్టెంబరులో భారత సైన్యం వచ్చి ఐదు రోజుల్లో పని ముగించింది. ఆ రోజుల్లోనే లండన్ బ్యాంకులో ఉన్న సుమారు 10 లక్షల పౌన్లు పాకిస్తాన్ రాయబారి ఖాతాకు మారాయి. డబ్బు వెనక్కి ఇమ్మని నిజాం అడిగినా బ్యాంకు కదలలేదు. 2019లో లండన్ హైకోర్టు తీర్పు చెప్పేనాటికి అది 3 కోట్ల 50 లక్షల పౌన్లయింది. భారత ప్రభుత్వానికి, నిజాం వారసులకు దానిమీద హక్కు దక్కింది. ఆ డబ్బుకు మూలమైన శిస్తు కట్టిన రైతు పేరు మాత్రం ఏ దావాలోనూ లేదు.

1949లో సర్ఫ్-ఎ-ఖాస్ సర్కారులో కలిసింది, జాగీర్లు రద్దయ్యాయి. 1950 నుంచి 1956 దాకా ఆయన రాజప్రముఖ్‌గా ఉన్నాడు. 1965 యుద్ధంలో దేశానికి ఐదు టన్నుల బంగారం దానం చేశాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజానికి ఆయన రక్షణ బంగారం పథకంలో 425 కిలోలు పెట్టుబడి పెట్టాడు, దానికి ఆరున్నర శాతం వడ్డీ ఉంది. 1967 ఫిబ్రవరి 24న కన్నుమూశాడు. శవయాత్రకు జనం విరగబడి వచ్చారు.

మిత్రులారా! ధనిక దేశం పరాయి యుద్ధంలో దిగాలా వద్దా అని ఎవరైనా అడిగితే, మూడు ఎదురు ప్రశ్నలు వేయండి. నిర్ణయం చేసిందెవరు, జనమా, నలుగురు దొరలా? గింజ ఎవరి గాదెలోంచి పోతున్నది? లాభం ఎవరి పెట్టెలో పడుతున్నది? వాషింగ్టన్ అయినా, లండన్ అయినా, రేపు ఢిల్లీ అయినా ఇవే ప్రశ్నలు. ఈ మూడింటికీ జవాబు చెప్పలేని సర్కారు సాయం పేరుతో మన దోసిలి ముందుకు వస్తే, ముందు గడీ తలుపులు తెరవమని చెప్పండి.