రెండు పచ్చలు, ఒక గాజుపలక: రాజా దీన్‌దయాళ్

చిత్తూరు నుండి బెంగుళూరు వెళ్ళే దారిలో బంగారుపాళ్యం చేరేసరికి మామిడితోటలు కన్నుల పండువు చేస్తవి. లేత చిగురు రాగివన్నె, ముదురాకు ఆకుపచ్చ, పండబారిన కాయ పసుపుపచ్చ. తెలుగు నుడిలో ఈ రెండూ పచ్చలే. నూటయేబది సంవత్సరాల క్రిందట ఛాయాగ్రాహకుని గాజుపలకకు మాత్రం ఈ రెండు పచ్చలూ ఇంచుమించు నలుపే. అట్టి పలకపై భారతదేశపు కోటలను, గుడులను, దర్బారులను శాశ్వతంగా నిలిపిన మహాశిల్పి రాజా దీన్‌దయాళ్.

ఆయన 1844లో మీరట్ సమీపాన గల సర్ధనా గ్రామంలో, జైన కుటుంబాన జన్మించినారు. రూర్కీలోని థామ్సన్ కళాశాలలో ఇంజనీరింగు విద్య పూర్తి చేసి, 1866లో ఇందోరు ప్రభుత్వ మరామతు శాఖలో చేరినారు. అంచనాలు వేయడం, నక్షాలు గీయడం ఆయన ఉద్యోగ ధర్మం. కట్టడాన్ని కొలతతో చూడటం అక్కడనే అలవడింది. 1874 ప్రాంతాన ఛాయాగ్రహణంపై మనస్సు మళ్ళింది. ఇందోరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కరు ఆయనను ఆదరించినారు.

ఆనాటి ఛాయాగ్రహణం నేటివలె సులభసాధ్యం కాదు. గాజుపలకపై కొలోడియన్ ద్రవం పూసి, వెండి లవణపు నీటిలో ముంచి, తడి ఆరకముందే చిత్రం తీయవలెను. ఆ వెండి లవణాలకు నీలి, ఊదా కిరణాలే సోకుతవి. చెట్టు ఆకు ఎరుపును, నీలాన్ని తనలో ఇముడ్చుకొని ఆకుపచ్చను అధికంగా వెనుకకు పంపుతుంది. పలకకు ఆ కిరణం పట్టదు. అందువలన నిండుతోట నల్లని ముద్దగాను, నీలాకాశం తెల్లని కాగితంగాను అచ్చుపడేవి. చిత్రం పడటానికి పట్టే కాలంలో గాలి వీస్తే ఆకులు చెదిరిపోయేవి. కనుక ఛాయాగ్రాహకుడు వన్నెను మరచి, వెలుగునీడల లెక్క నేర్వవలసి వచ్చేది.

ఈ లోపానికి విరుగుడు బెర్లినులో దొరికింది. ఫోగెల్ అనే ఆచార్యుడు 1873లో, పలకకు తగిన అద్దకపు రంగు కలిపితే ఆకుపచ్చ కిరణం కూడ సోకుతుందని కనుగొన్నాడు. కలకత్తాలో పనిచేసిన వాటర్‌హౌస్ అనే సైనికోద్యోగి ఇయోసిన్ అనే రంగుకు ఆ గుణమున్నదని 1875లో గుర్తించినాడు. అయినను ఇట్టి పలకలు అందరికీ అందుబాటులోకి రావడానికి ఏండ్లు పట్టినవి.

దీన్‌దయాళ్ కీర్తి నానాటికీ పెరిగింది. సర్ లెపెల్ గ్రిఫిన్‌తో మధ్య భారతంలో పర్యటించి తీసిన చిత్రాలు 1886లో గ్రంథరూపం దాల్చినవి. 1885లో వైస్రాయి ఆయనను తన ఛాయాగ్రాహకునిగా నియమించినాడు. ఆ కాలముననే ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థానంలో స్థానం లభించి, తెలుగుదేశంతో ఆయనకు అనుబంధం ఏర్పడింది. 1886లో సికింద్రాబాదులో చిత్రశాల నెలకొల్పినారు. ఘోషాస్త్రీల కొరకు 1892లో హైదరాబాదులో ప్రత్యేక చిత్రశాల తెరచి, దాని నిర్వహణను ఒక ఆంగ్ల వనితకు అప్పగించినారు. నిజాము ఆయనకు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అనే బిరుదు ప్రసాదించినారు. 1896లో బొంబాయిలోను చిత్రశాల వెలసింది.

రాజభోగాలకే ఆయన కన్ను పరిమితం కాలేదు. 1899-1900 కరవులో పచ్చదనం మాడిన ఔరంగాబాదు ప్రాంతాన సాగిన సహాయపు పనులను ఆయన చిత్రశాల చిత్రించింది. వేటవిందుల పక్కన ఎండిన నేలమీద కూలిజనం కూడ ఆ పలకలలో చోటు చేసుకొన్నది.

1904లో కుమారుడు ధరంచంద్ మరణించినాడు. మరుసటి ఏడు, 1905 జూలైలో దీన్‌దయాళ్ కన్నుమూసినారు. రంగుల ఛాయాగ్రహణానికి వీలైన ఆటోక్రోమ్ పలకలు 1907లో అంగళ్ళకు వచ్చినవి. రెండేండ్ల తేడాతో ఆకుపచ్చ ఆయనకు దక్కకుండా పోయింది. ఆయన చిత్రశాలకు చెందిన 2,857 గాజుపలకలను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో సేకరించింది.

నేటి కెమెరాల కథ వేరు. 1976లో బేయర్ అనే శాస్త్రజ్ఞుడు పేటెంటు పొందిన పద్ధతిలో, ప్రతి నాలుగు గ్రాహకాలలో రెండు ఆకుపచ్చకు, ఒకటి ఎరుపుకు, ఒకటి నీలానికి కేటాయింపబడినవి. మానవనేత్రం ఆకుపచ్చనే మిక్కిలి బాగుగా గ్రహించడం ఇందుకు కారణం. బంగారుపాళ్యం తోటలో చేతిఫోను ఎత్తిన విద్యార్థికి రెండు పచ్చలూ క్షణంలో వేరువేరుగా దొరుకుతవి. ఆ చిత్రాన్ని ఒకమారు నలుపు తెలుపులలోకి మార్చి చూస్తే, దీన్‌దయాళ్ ఏ కొరతతో పనిచేసి అంతటి చిత్రాలు తీసినారో కొంత బోధపడుతుంది.