పేదల పొరుగున కాపురమున్న జేన్ ఆడమ్స్

పేదలకు దానము చేయువారు ప్రతి దేశమునందును గలరు. వారు అన్నము పెట్టి, వస్త్రమిచ్చి, తిరిగి తమ యిండ్లకు పోవుదురు. వారి పుణ్యమును తక్కువ చేయరాదు. కాని పేదల వాడలోనే ఇల్లు పుచ్చుకొని, వారికి ఇరుగుపొరుగై, నలుబది యైదేండ్లకు పైగా అచటనే కాపురముండినవారు అరుదు. అమెరికా దేశపు కుమారి జేన్ ఆడమ్స్ అట్టి అరుదైన స్త్రీ.

ఆమె 1860 సెప్టెంబరు 6వ తేదీన ఇల్లినాయ్ రాష్ట్రములోని సీడర్‌విల్ అను చిన్న గ్రామమున జన్మించెను. తండ్రి జాన్ ఆడమ్స్ పిండిమర గలవాడు. రాష్ట్ర శాసనసభలో సెనేటరు. అబ్రహాం లింకనునకు స్నేహితుడు. జేన్‌కు రెండేండ్లు నిండిన కొలది నెలలకే తల్లి గతించెను. చిన్ననాటి వ్యాధి వలన ఆమె వెన్నెముక వంగిపోయెను. తన రూపము వలన తండ్రికి తలవంపులగునని తలచి, ఆదివారమునాడు ప్రార్థనాలయమునకు పోవునపుడు ఆయన ప్రక్కన నడువక పినతండ్రి ప్రక్కన నడుచుచుండెడిది. ఒకనాడు పట్టణపు వీధిలో అందరు చూచుచుండగా తండ్రి తన పొడుగు టోపీ తీసి ఆమెకు వందనము చేసెను. ఆ పసిదాని దిగులు దానితో తీరిపోయెను.

ఆ గ్రామపు చందాదారుల గ్రంథాలయము ఆడమ్స్ వారి యింటిలోనే యుండెను. ప్లుటార్కు వ్రాసిన మహాపురుషుల చరిత్రలలో ఒక్కొక్కటి చదివి సారాంశము చెప్పినచో తండ్రి ఆమెకు ఐదు సెంట్లు బహుమాన మిచ్చుచుండెను. ఒక పల్లెటూరి బాలికకు లోకమున్నదని మొదట తెలియజేసినవి ఆ పుస్తకములే.

1881లో రాక్‌ఫర్డు మహిళా విద్యాలయమున ఆమె చదువు ముగించెను. ఆ యేడే తండ్రి మరణించెను. వైద్యవిద్య నేర్చి పేదలకు చికిత్స చేయవలెనని ఫిలడెల్ఫియాలో కళాశాలయందు చేరెను గాని, వెన్నునొప్పి ఆమెను మంచము పట్టించెను; చదువు నడుమనే నిలిచిపోయెను. పిమ్మట కొన్నియేండ్లు ఏ దారియు తోచక గడచినవి. ధనమున్నది, విద్యయున్నది, సేవ చేయు కోరికయు నున్నది. ఎక్కడ, ఎట్లు అనునది మాత్రము తెలియలేదు.

1883లో ఐరోపా యాత్ర చేయుచు, లండను తూర్పు వాడలో ఒక శనివారము రాత్రి ఆమె చూచిన దృశ్యము మనస్సున నాటుకొనెను. సోమవారము వరకు నిలువని కుళ్లు కూరగాయలను బండ్లమీద వేలము వేయుచుండిరి. చిరుగుబట్టల జనము చిల్లర కాసులు పట్టుకొని చేతులు చాచుచుండిరి. ఒకడు తనకు దొరికిన క్యాబేజీని పట్టుకొని బాట అంచుననే కూలబడి, కడుగక, వండక, పండ్లతో చీల్చి తినెను. ఆ చాచిన చేతులు ఆమెను చిరకాలము వెంటాడెను.

1888లో ఆమె మరల లండనునకు వచ్చి టాయిన్‌బీ హాలును దర్శించెను. బార్నెట్ అను మతాచార్యుడును, ఆయన భార్యయు 1884లో స్థాపించిన నివాసమది. ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములలో చదివిన యువకులు అచట పేదల నడుమ నివసించి, వారికి విద్య గరపుచు, వారి బ్రతుకును తాము నేర్చుకొనుచుండిరి. ఇట్టి నివాసములకే సెటిల్‌మెంట్లని పేరు. తాను వెదకుచున్న దారి యిదియే యని జేన్‌కు తోచెను.

చికాగో నగరము అప్పుడు మిక్కిలి వేగముగా పెరుగుచుండెను. 1890 నాటికి జనసంఖ్య పది లక్షలు దాటెను. ఇటలీ, జర్మనీ, రష్యా, పోలండు, గ్రీసు దేశములనుండి బ్రతుకుతెరువునకై వచ్చినవారు పాత కొయ్య యిండ్లలో క్రిక్కిరిసి యుండిరి. ఒక కుటుంబమునకై కట్టిన యింట మూడు నాలుగు కుటుంబములు; ఎన్నో యిండ్లకు పెరటిలోని ఒక్క కొళాయియే ఆధారము. అట్టి వాడలో, హాల్‌స్టెడ్ వీధిలో, చార్లెస్ హల్ అను ధనికుడు కట్టించిన పాత భవనమున జేనును, ఆమె సహాధ్యాయిని ఎలెన్ స్టారును 1889 సెప్టెంబరు 18న కాపురము పెట్టిరి. అదియే హల్ హౌస్.

పొరుగువారికి కావలసినది తెలిసికొని చేయుటయే వారి ప్రణాళిక. తల్లులు కూలికి పోవుటకు వీలుగా శిశుశాల, చిన్నవారికి బడి, పెద్దలకు రాత్రి తరగతులు, పఠన మందిరము, చిత్రశాల, స్నానశాల, ఆటస్థలము ఒకదాని వెంట నొకటి ఏర్పడెను. పెండ్లికాని యొక యువతి ప్రసవవేదన పడుచుండగా ఇరుగుపొరుగు స్త్రీలు ఆ యింట అడుగిడ నొల్లకపోయిరి. జేన్ తన సహచరితో పోయి ఆ బిడ్డకు పురుడు పోసెను.

మొదటి క్రిస్మసు పండుగకు పిల్లలకు మిఠాయి పంచుచుండగా కొందరు బాలికలు దానిని ముట్టలేదు. ఆరు వారములుగా ఉదయము ఏడు మొదలు రాత్రి తొమ్మిది గంటల వరకు మిఠాయి కర్మాగారములో పనిచేసిన ఆ పిల్లలకు దానిని చూచుటయే వెగటయ్యెను. ఆ చలికాలముననే సమీపపు కర్మాగారమున ఒక్క యంత్రము చేతనే ముగ్గురు బాలురు గాయపడిరి. వారిలో ఒకడు చనిపోయెను. కొలది డాలర్ల ఖరీదుగల అడ్డు ఆ యంత్రమునకు అమర్చియున్నచో ఆ ప్రాణము నిలిచెడిది. దయ చాలదు, చట్టము కావలెనని అప్పుడు తెలిసెను. హల్ హౌస్‌లో చేరిన ఫ్లారెన్స్ కెల్లీ మొదలగువారి కృషి వలన 1893లో ఇల్లినాయ్ శాసనసభ పదునాలుగేండ్లలోపు పిల్లలను కర్మాగారములలో పెట్టరాదనియు, స్త్రీలచే దినమునకు 8 గంటలకు మించి పనిచేయింపరాదనియు శాసించెను. రెండేండ్లకే న్యాయస్థానము ఎనిమిది గంటల నియమమును కొట్టివేసెను. పిల్లల నియమము మాత్రము నిలిచెను. బాలనేరస్థులకై అమెరికాలో మొదటి ప్రత్యేక న్యాయస్థానము 1899లో చికాగోలోనే ఏర్పడుటకు హల్ హౌస్‌వారి కృషియు కారణము.

ఇంతటి యామెయు పొరపాటు చేసెను, దానిని దాచుకొనలేదు. 1893 నాటి కఱవు కాలమున ఉద్యోగము పోయిన యొక గుమాస్తా తన కుటుంబమునకు సహాయము కోరి వచ్చెను. పని దొరకునపుడు సహాయ మీయరాదను నియమము ననుసరించి, కాలువ త్రవ్వకములో పనియున్నది, ముందు దానిని చూడుమని జేన్ చెప్పెను. తాను ఎప్పుడును నీడపట్టున పనిచేసినవాడననియు, చలిలో బయటి పనికి ఓర్వలేననియు అతడు చెప్పినను ఆమె నియమమును విడువలేదు. అతడు రెండు దినములు పనిచేసి, ఊపిరితిత్తుల జబ్బు తగిలి, వారమునకే మరణించెను. ఆ పిల్లలను చూచినపుడెల్ల ఆమెకు ఆ మాట గుర్తునకు వచ్చుచుండెను. మనిషి బ్రతుకును పూర్తిగా ఎరుగక నియమము నొక్కదానిని చేతబట్టుకొని సహాయము చేయరాదని ఆమె నేర్చిన పాఠమునకు చెల్లించిన వెల అది.

ఆ వాడలో చెత్తపెట్టెలు పొంగి పొరలుచుండెను. పిల్లలు వానిమీదనే ఆడుకొనుచుండిరి. నగరపాలకులకు ఎన్ని ఫిర్యాదులు చేసినను ఫలము లేకపోగా, 1895లో ఆమెయే ఆ వార్డునకు చెత్త తనిఖీ అధికారిణిగా నియమితురాలయ్యెను. తెల్లవారు ఆరు గంటలకే లేచి చెత్తబండ్ల వెంట నడిచి, అవి చేరవలసిన చోటు వరకు పోవుచుండెను. ఒక ఇరుకు వీధిలో త్రవ్వించి చూడగా, పదునెనిమిది అంగుళముల చెత్త క్రింద రాళ్లు పరచిన బాట బయటపడెను! నగరమున మరణముల సంఖ్యలో మూడవ స్థానమున నున్న ఆ వార్డు ఏడవ స్థానమునకు దిగెను.

కాని వార్డు ప్రతినిధి జాన్ పవర్స్‌ను ఎన్నికలలో ఓడింపవలెనని రెండు మార్లు చేసిన యత్నము విఫలమయ్యెను. అవినీతిపరుడని తెలిసియు జనము అతనినే ఎన్నుకొనిరి. ఆమె వారిని నిందింపలేదు, కారణమును వెదకెను. అతడు చావునకు ఖర్చిచ్చును, పండుగకు కోడినిచ్చును, నిరుద్యోగికి పని చూపును. ఆపదలో ప్రక్కన నిలిచినవానినే పేదవాడు నమ్మును. సంస్కర్తలు దూరముగా నుండి నీతులు చెప్పినచో ఎవరు విందురని ఆమె తన పక్షమువారినే ప్రశ్నించెను.

1896లో ఆమె రష్యాకు పోయి టాల్‌స్టాయ్ మహాశయుని దర్శించెను. ఆయన ఆమె చొక్కా చేతుల వెడల్పును చూచి, ఆ గుడ్డతో ఒక పిల్లకు దుస్తులు కుట్టవచ్చునని యెత్తిపొడిచెను. తిరిగివచ్చి, దినమునకు రెండు గంటలు స్వయముగా రొట్టెలు కాల్చవలెనని ఆమె సంకల్పించెను. కాని తన కొరకు కాచుకొనియున్న జనమును విడిచి తన మనశ్శాంతికై రొట్టె కాల్చుట సరికాదని తోచి మానివేసెను.

1915లో హేగు నగరమున జరిగిన మహిళా శాంతి మహాసభకు ఆమె అధ్యక్షత వహించెను. యుద్ధమును వ్యతిరేకించినందులకు, అంతకుముందు పొగడిన పత్రికలే ఆమెను దూషించెను. ఆమె పట్టు విడువలేదు. 1923లో ప్రపంచయాత్ర చేయుచు మన దేశమునకును వచ్చెను. గాంధీజీ అప్పుడు ఎరవాడ కారాగారమున నుండిరి. 1931లో నోబెల్ శాంతి బహుమానము నికొలస్ బట్లరునకును ఆమెకును కలిపి లభించెను. ఆ గౌరవము పొందిన మొదటి అమెరికా మహిళ ఆమెయే. ప్రదానోత్సవము నాడు ఆమె ఆసుపత్రిలో నుండెను.

1935 మే 21న ఆమె చికాగోలో కన్నుమూసెను. వాడలోని జనము వేలకొలది హల్ హౌస్ ముంగిటికి వచ్చిరి. సీడర్‌విల్‌లో ఆమెను సమాధి చేసిరి. 1963లో విశ్వవిద్యాలయ నిర్మాణమునకై హల్ హౌస్ భవనములలో పెక్కింటిని కూల్చివేసిరి. తొలి భవనము ప్రదర్శనశాలగా నిలిచినది. ఆమె పేరిట సాగిన సేవాసంఘము ధనాభావము వలన 2012లో మూతపడినది.

భవనములు పోవును, సంఘములు పోవును. పిల్లలు బడిలో ఉండవలెను గాని మర ప్రక్కన ఉండరాదను మాట మాత్రము నిలిచినది. పల్లెలోని చిన్న గ్రంథాలయమున పుస్తకము పట్టిన యొక బాలిక అంత పని చేసెను. మన గ్రంథాలయపు బల్లల వద్ద నేడు కూర్చున్న పిల్లలలో ఎవరికి ఏ పుస్తకము ఏ దారి చూపునో ఎవరెరుగుదురు? ఆ తలుపులు తెరచియుంచుటయే మన వంతు.