కమ్మరి కొడుకు గీసిన గీతలు

ఇంటర్ ఫిజిక్స్‌ల కరెంటు, అయస్కాంతం పాఠం రాంగనే మన ఊర్ల పిల్లలు చానామంది పుస్తకం మూస్తరు. లెక్కలు రావు, ఇది మనసొంటోళ్ల సదువు కాదు అనుకుంటరు. ఆ పాఠానికి పునాది వేసిన మనిషికే పెద్ద లెక్కలు రావు. గీ ముచ్చట క్లాసుల ఎందుకు చెప్పరో నాకైతే సమజ్ కాదు.

మైకేల్ ఫారడే 1791ల లండన్ పక్కన పుట్టిండు. నాయిన కమ్మరి. ఇంట్ల తిండికే కటకట, బడికి పోయింది తక్కువ. పద్నాలుగేండ్లకు పుస్తకాలు బైండింగ్ చేసే దుకాణంల ఏడేండ్ల పనికి కుదిరిండు. కుట్టనీకి వచ్చిన పుస్తకాలనే చదివిండు. కరెంటు గురించి తెలుసుకున్నది గట్లనే. 1812ల దుకాణానికి వచ్చే ఒకాయన హంఫ్రీ డేవీ ఉపన్యాసాలకు టికెట్లు ఇచ్చిండు. ఫారడే విన్నదంత రాసుకొని, బొమ్మలు గీసి, తనే బైండింగ్ చేసి డేవీకి పంపిండు. మరుసటేడు రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌ల ప్రయోగశాల సహాయకుని నౌకరి దొరికింది. డేవీతోని యూరప్ తిరిగినప్పుడు ఆయన భార్య ఈయనను పనోని లెక్కనే చూసింది. దేశం ఏదైతేంది, పెద్దింటోళ్ల చూపు గదే.

1820ల డెన్మార్క్‌ల అయిర్‌స్టెడ్, కరెంటు పోయే తీగ పక్కన దిక్సూచి ముల్లు కదులుడు చూపించిండు. ఫారడే ఆడ ఆగలే. ఆ బలం తీగ చుట్టూ తిరుగుతదని పట్టుకొని, 1821ల పాదరసం గిన్నెల అయస్కాంతం చుట్టూ తీగను తిప్పి చూపెట్టిండు. మోటారుకు మొదటి మెట్టు గదే. 1831ల ఒక ఇనుప రింగుకు రెండు తీగచుట్టలు చుట్టిండు. ఒకదాంట్ల కరెంటు పెట్టినప్పుడు, తీసినప్పుడు మాత్రమే రెండోదాని దగ్గర ముల్లు కొట్టుకున్నది. మన పొలంకాడి ట్రాన్స్‌ఫార్మర్ లోపట నడిచేది ఇదే సూత్రం.

ఇదంత సమీకరణాలతోని కాదు. అయస్కాంతం మీద కాయితం పెట్టి, ఇనుప రజను చల్లి, అది తీరిన గీతలను చూసి ఆలోచించిండు. వాటికే బలరేఖలని పేరు. తర్వాత మాక్స్‌వెల్ వాటిని గణితంలకు తెచ్చిండు.

తమ్ముడూ, చెల్లే, పరీక్షల వచ్చే లెక్క ఒకటి గట్లనే చేసి చూడుండ్రి. పొడుగు తీగల 10 ఆంపియర్లు పోతున్నయి, 2 సెంటీమీటర్ల దూరంల క్షేత్రం ఎంత? సూత్రం కోసం ఉరకకుండ్రి. ముందుగాల తీగ గీసి, చుట్టూ గాజుల లెక్క గుండ్రాలు గీయుండ్రి. కుడిచేతి బొటనవేలు కరెంటు దిక్కు పెడితే, మిగిలిన వేళ్లు మలిగిందే క్షేత్రం దిక్కు. దూరం రెట్టింపైతే బలం సగం. ఇగ లెక్క: 10ని 0.02 మీటర్లతోని భాగిస్తే 500. రెండుతోని గుణించి కోటితోని భాగిస్తే 0.0001 టెస్లా. మన దగ్గర భూమి క్షేత్రం సుమారు 0.00004. అంటే ఆడ దిక్సూచి పెడితే ముల్లు ఉత్తరం ఇడిసి తీగ మాట వింటది.

ఫారడే సర్ బిరుదు వద్దన్నడు, రాయల్ సొసైటీ అధ్యక్ష పదవీ వద్దన్నడు. పేరు వచ్చినంక గూడ క్రిస్మస్ సెలవులల్ల పిల్లలను కూసోబెట్టుకొని ప్రయోగాలు చేసి చూపెట్టిండు. 1867ల కాలం చేసిండు.