పదకవితా పితామహుడు అన్నమాచార్యులు

తిరుపతికి ఉత్తరమున, శేషాచలపు పాదమున నున్న అలిపిరి పేరు వినని తెలుగువారు అరుదు. కొండ అడుగున చింతచెట్టు ఉన్న తావు గనుక అరవమున 'అడిపుళి' అనబడి, ఆ పేరే కాలక్రమమున అలిపిరి అయినదని పెద్దలు చెప్పుదురు. శ్రీరామానుజులు తమ మేనమామయగు తిరుమలనంబి వద్ద ఒక సంవత్సరముపాటు రామాయణ రహస్యములు విన్నది ఆ చింత నీడనే యని వైష్ణవుల నమ్మకము. అచ్చటినుండి కొండమీదికి సుమారు 9 కిలోమీటర్ల నడక, మెట్లు 3,550. తలయేరు గుండునకు తలయు మోకాళ్ళును తాకించి యాత్రికులు ఎక్కుట మొదలిడుదురు. ఆరువందల యేండ్ల క్రిందట, మెట్లు ఇంత చక్కగా లేని దినములలో, పసితనము వీడని బాలుడొకడు ఇంటివారికి చెప్పకుండ వచ్చి ఈ దారినే కొండనెక్కెను. తరువాత ఎనుబది యేండ్లపాటు అతడు పాడుచునే యుండెను. ఆ బాలుడే తాళ్ళపాక అన్నమాచార్యులు.

ఆయన జీవితము మనకు రెండు దారుల తెలియవచ్చుచున్నది. ఒకటి, సంకీర్తనలు చెక్కిన రాగిరేకుల మొదట నున్న కొలది పంక్తుల వ్రాత. రెండవది, ఆయన మనుమడు చిన్నన్న, అనగా తాళ్ళపాక తిరువేంగళనాథుడు, ద్విపదలో రచించిన అన్నమాచార్య చరిత్రము. రాగిరేకు తేదీల నిచ్చును. మనుమడు కథల నిచ్చును. ఉపాధ్యాయులు ఈ రెంటిని కలగాపులగము చేయక, ఏది ఎచ్చటిదో విద్యార్థులకు విడదీసి చెప్పుట మేలు. కథ యనగానే అబద్ధమని కాదు. తాతను గూర్చి మనుమడు భక్తితో చెప్పిన మాట శాసనము వంటిది కాదని మాత్రమే.

రేకులలోని లెక్క యిది. శాలివాహన శకము 1346, క్రోధి సంవత్సరమున అన్నమాచార్యులకు పదునారవ యేట తిరువేంగళనాథుడు ప్రత్యక్షము కాగా, నాటినుండి శకము 1424, దుందుభి సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశి వరకు ఆయన సంకీర్తనములు రచించెను. క్రీస్తు శకములోనికి మార్చినచో మొదటిది 1424, రెండవది 1503 ఫిబ్రవరి 23. శకవర్షము 1424, క్రీస్తువర్షము 1424 ఒకే కథలో తారసిల్లుటచే పరీక్షలలో తికమకపడు విద్యార్థులు కలరు. మొదటిది ఆయన నిర్యాణము, రెండవది ఆయన పాట మొదలు. ఈ లెక్కను బట్టి ఆయన పుట్టినది 1408, సర్వధారి సంవత్సరము.

జన్మస్థలము రాజంపేట సమీపమున నున్న తాళ్ళపాక. నందవరీక బ్రాహ్మణ కుటుంబము. తండ్రి నారాయణసూరి, తల్లి లక్కమాంబ. తల్లి చక్కగా పాడునదియని చిన్నన్న చెప్పెను. ఊరిలోని చెన్నకేశవుడు వారి ఇంటి దైవము. తాత నారాయణయ్య చిన్ననాట చదువు రాక, గురువు దండనకు తాళలేక, చింతలమ్మ గుడిలోని పాముపుట్టలో చేయి పెట్టబోగా అమ్మవారు వారించి, మూడవ తరమున హరిభక్తుడు పుట్టునని అభయమిచ్చెనట. చదువు రాని పిల్లవాని మనుమడు మహాకవి యయ్యెనను ఈ కథ బడిపిల్లలకు తప్పక నచ్చును. దండనకు వెరచి ప్రాణము తీసుకొనదలచిన పిల్లవాడు అందులో ఉన్నాడని మాత్రము పెద్దలు మరువరాదు.

అన్నమయ్యకు ఇంటి పనులపై మనసు నిలిచెడిది కాదు, ఎప్పుడును పాటయే. ఉమ్మడి కుటుంబమున పని చేయనివానిని వదినెలు ఊరకుందురా? ఒకనాడు పశువులకు గడ్డి కోసుకొని రమ్మని అడవికి పంపిరి. కొడవలి జారి చిటికెనవ్రేలు తెగెను. ఆ నొప్పిలో, ఆ నెత్తుటిలో, ఈ ఇంటికిని తనకును ఏమి సంబంధమని అతనికి తోచెను. అదే సమయమున పాడుచు తిరుపతికి పోవు యాత్రికుల గుంపు కానవచ్చెను. కొడవలి పారవైచి వారితో నడచెను.

తిరుపతిలో గ్రామదేవత గంగమ్మను చూచి, అలిపిరి వద్ద తలయేరు గుండునకు మ్రొక్కి, బాలుడు కొండనెక్కుచు మోకాళ్ళమెట్టు చేరునప్పటికి ఆకలితోను అలసటతోను సొమ్మసిల్లి ఒక వెదురుపొద క్రింద పడిపోయెను. అప్పుడు అలమేలుమంగమ్మ పెద్దముత్తైదువ రూపమున వచ్చి, ఈ కొండ యంతయు సాలగ్రామమయమనియు, చెప్పులతో ఎక్కరాదనియు తెలిపి, ప్రసాదము పెట్టెనని కథ. ఆ పరవశములో చెప్పిన పద్యములే వేంకటేశ్వర శతకమని చిన్నన్న వ్రాసెను. స్వామి పేరు మకుటముగా గల ఆ శతకములో అడుగడుగున కానవచ్చునది అమ్మవారే! అన్నము పెట్టిన తల్లిని మరువని బిడ్డ గుణము అందు కలదు. ఆయన పన్నెండు శతకములు రచించెనందురు గాని మిగిలినది ఇదొక్కటే.

కొండమీద ఘనవిష్ణువను వైష్ణవాచార్యుడు ఆయనకు పంచసంస్కారములు చేసెను. స్మార్తుల ఇంటి పిల్లవాడు వైష్ణవుడయ్యెను. తరువాత ఇంటివారు వెదకుకొని వచ్చి తీసికొనిపోయి తిమ్మక్క, అక్కలమ్మ యను ఇరువురు కన్యలతో వివాహము జరిపిరి. అటుపిమ్మట అహోబలమున ఆదివన్ శఠకోపయతి వద్ద వేదాంతము చదివెను. తిమ్మక్కను గూర్చి ఒక మాట. ఆమె మంజరీ ద్విపదలో సుభద్రా కల్యాణమును రచించినది. తెలుగున గ్రంథము వ్రాసిన మొదటి స్త్రీ ఆమెయే యని పలువురు పండితుల మతము. భర్త కీర్తి నీడలో ఆమె పేరు మరుగున పడినది. తెలుగు పాఠ్యపుస్తకములలో మొల్లకు ముందు ఆమెకు ఒక పుట చాలదా?

ఆ కాలపు సాహిత్య వాతావరణము గమనింపదగినది. పదునైదవ శతాబ్దమున కవి యనగా పద్యకవి. శ్రీనాథుడు రాజసభలనుండి రాజసభలకు తిరిగి కనకాభిషేకములు పొందుచుండెను. పల్లెలో దంచుకొను స్త్రీ పాడు సువ్విపాటకు, పసివానిని ఊపు తల్లి లాలికి, సంక్రాంతినాటి గొబ్బిపాటకు, పడుచువారి జాజరకు, కూలివాని ఏలపదమునకు సభలో పీట లేదు. అన్నమాచార్యులు వానినన్నిటిని కొండమీదికి తెచ్చి దేవుని ముందు నిలిపెను. ఊయెలపాట దేవుని ఊయెలకు, దంపుళ్ళపాట దేవుని పెండ్లిపసుపునకు అయ్యెను. మాటయు అట్లే: నేటికిని రాయలసీమ పల్లెలలో మాత్రమే వినబడు పలుకులు, సామెతలు, తిట్లు సైతము ఆ పదములలో కలవు. నిఘంటువులకు ఎక్కని మాటలు అందు వందలకొలది దొరకుచున్నవి. పల్లవి, దానిని అనుసరించు చరణములు అను కట్టుబాటు ఆయన చేతిలో స్థిరపడి, తరువాతి కీర్తనకారులకందరకు దారియైనది. సంస్కృతమున సంకీర్తన లక్షణమను శాస్త్రమును కూడ ఆయన రచించెను. మూలము పోయినను, మనుమడు చిన తిరుమలాచార్యుడు చేసిన తెలుగు సేత మిగిలియున్నది. పదకవితా పితామహుడను బిరుదు ఊరక వచ్చినది కాదు.

పాటలు ఆధ్యాత్మములని, శృంగారములని రెండు తెగలు. శృంగార పదములే సంఖ్యలో మిక్కిలి ఎక్కువ. కొందరు పెద్దలు వానిని పిల్లలకు వినిపింప జంకుదురు. కాని అందలి నాయకుడు వేంకటేశ్వరుడు, నాయిక అలమేలుమంగ. కవి వారి ఇంటి మనిషివలె తలుపుప్రక్కన నిలిచి పలుకును. ఆధ్యాత్మ పదములలో కులభేదమును నిరసించినవి కలవు. రాజు నిద్రయు బంటు నిద్రయు ఒకటే యనియు, బ్రాహ్మణుడు మెట్టు నేలయు చండాలుడుండు నేలయు వేరు కాదనియు ఆయన ఆనాడు పాడెను. ఈ మాటలు ఆచార్యపీఠమున నున్న వైదికుని నోట వచ్చుట చిన్న సాహసము కాదు.

ఇక సాళువ నరసింహుని కథ. టంగుటూరు ఏలుచున్న దినములలోనే నరసింహుడు అన్నమాచార్యుల పాట విని ఆదరించి, దగ్గర నుంచుకొనెను. బలము పెరిగి పెనుగొండలో కొలువుండగా, ఒకనాడు స్వామిపై పాడిన శృంగారపదము విని మురిసి, అట్టిదే తనమీద పాడుమని కోరెను. అన్నమాచార్యులు చెవులు మూసికొని, హరిని కొలిచిన నాలుక నరుని పొగడదని నిరాకరించెను. రాజునకు కోపము వచ్చి, మూరురాయరగండ యను సంకెల వేయించి చెరలో నుంచెను. కవి స్వామిని తలచి పాడగా సంకెల విడిపోయెననియు, రాజు స్వయముగా మరల తొడిగించినను నిలువలేదనియు, తుదకు క్షమాపణ వేడెననియు చిన్నన్న వ్రాసెను.

సంకెల తెగుట నమ్ముట, నమ్మకపోవుట ఎవరి విశ్వాసము వారిది. నిరాకరణము మాత్రము జరిగినదనియే నాకు తోచును. పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడు తన జైమిని భారతమును అంకితమిచ్చినది ఈ నరసింహునికే. కవులవలన పొగడ్త పొందుట ఆ రాజునకు అలవాటు. ఆయన దుర్మార్గుడును కాడు. తిరుమలలో ఆయన చేయించిన కైంకర్యములను, రామానుజకూటములకు ఇచ్చిన దానములను శాసనములు సాక్ష్యమిచ్చుచున్నవి. 1485లో విజయనగర సింహాసనమెక్కినవాడు. అట్టి దాతకు, తనకు అన్నము పెట్టిన స్నేహితునకు కాదని చెప్పుట శత్రువునకు కాదనుటకంటె కష్టము. మరియొకటి: చిన్నన్న గ్రంథము వ్రాయునాటికి సాళువవంశము అంతరించి తుళువవంశము రాజ్యము చేయుచుండెను. కనుక పాత రాజు తప్పును భయము లేక చెప్పుటకు వీలు కలిగెను. పోతన తన భాగవతమును రాజుల కీయలేదను ఐతిహ్యమును దీని సరసన నుంచి చూచిన, ఆ శతాబ్దమున తెలుగు కవులలో కొందరి మనస్సు ఏ దారిన నడచుచుండెనో తెలియును.

కన్నడ దేశపు పురందరదాసులు కొండకు వచ్చి అన్నమాచార్యులను చూచిరని, ఇరువురు ఒకరినొకరు దైవముగా భావించిరని మరియొక కథ. పురందరదాసుల జననము 1484 అని సాధారణముగా చెప్పుదురు. అట్లయినచో అన్నమాచార్యుల నిర్యాణమునాటికి ఆయనకు ఇరువది యేండ్లు కూడ నిండలేదు. కలిసియుండవచ్చును, కథలో చెప్పునంత సమఉజ్జీలుగ మాత్రము కాదు.

ముప్పదిరెండువేల సంకీర్తనములు రచించెనని ప్రసిద్ధి. నేడు దొరకినవి పండ్రెండువేలకు పైబడినవి. ఇవి యైనను మిగులుటకు కారణము కుమారుడు పెద తిరుమలాచార్యులు. అచ్యుతదేవరాయల కాలమున (1529–1542) పెద తిరుమలయ్య విజయనగర ప్రభువుల మన్నన పొందిన సంపన్నుడు. వచ్చిన ధనమును వెచ్చించి, తండ్రి పాటలను, తన పాటలను రాగిరేకులపై చెక్కించి, తిరుమల గుడిలోనే సంకీర్తన భాండారమను చిన్న రాతిగదిలో భద్రపరచెను. తాళపత్రము నూరు రెండునూరు లేండ్లలో చివుకును, రాగి నిలుచును. ఆ గదికి ఇరుప్రక్కల తండ్రీకొడుకుల శిలాప్రతిమలు చెక్కబడియున్నవి.

1565 తాలికోట యుద్ధముతో విజయనగర వైభవము కూలెను. గుడి గోలకొండవారికి, ఆర్కాటు నవాబులకు, 1801లో ఈస్టిండియా కంపెనీకి, 1843లో హథీరాంజీ మఠపు మహంతులకు చేతులు మారెను. పాడువారు తగ్గిరి. త్యాగరాజస్వామికి శిష్యపరంపర ఉండుటచే ఆయన బాణీ నోటినుండి నోటికి వచ్చినది. తాళ్ళపాకవారి పాట రాగిలో నిలిచినది, గొంతులో నిలువలేదు. 1816లో తెలుగు వ్యాకరణము ప్రకటించిన కాంబెల్ దొర, కొండమీద వేలకొలది రాగిరేకులున్నవని విని ఒక మనిషిని పంపి పరీక్ష చేయించెను. ఆయనకు కావలసినది వ్యాకరణము. ఒక వ్యాకరణ గ్రంథము తప్ప తక్కినవన్నియు దేవుని పొగడు పాటలేయని తెలిసి ఊరకుండెను. తెలుగువారి పెన్నిధి చేతికి తగిలి మరల చీకటిలోనికి పోయినది. దొరను అని లాభమేమి? ఊరివారైన మనము మాత్రము అడుగలేదు.

మరి నూరేండ్లు గడచిన పిదప, ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములలో దేవస్థానపు శాసన పరిశోధకులు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు ఆ రేకులను గుర్తించి వెలికి తెప్పించిరి. 1930 తరువాత దేవస్థానము వారు ముద్రణ మొదలిడిరి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు తిరుపతిలో కూర్చుండి రేకులు చదివి, చిన్నన్న ద్విపదను విపులమైన పీఠికతో 1949లో ప్రకటించి, మరుసటి యేడు కన్నుమూసిరి. మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించి విరమించిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు ఆ పని అందుకొనిరి. శర్మగారు పండితులే కాక సంగీతజ్ఞులు కూడ. రేకులపై ప్రతి పాటకును రాగము పేరు కలదు, స్వరము లేదు. సాళంగనాట, గుండక్రియ, దేసాక్షి, సామంతము వంటి పేర్లు చదివి, వాని నడక యెట్లుండెడిదో ఊహించి, నూరుకు పైగా పాటలకు ఆయన బాణీలు కట్టిరి. 1978లో దేవస్థానము అన్నమాచార్య ప్రాజెక్టును నెలకొల్పెను. నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ మొదలగువారు బాణీలు కూర్చిరి; ఎం. ఎస్. సుబ్బులక్ష్మి గళమున ఆ పదములు దేశమంతటను వినబడెను. 1997లో వచ్చిన చలనచిత్రము ఆ పేరును పల్లెపల్లెకు మోసికొనిపోయెను. చిత్రములోని కథ చిన్నన్న కథకంటె చాల దూరము నడచినదని ఉపాధ్యాయులు ఒకమాట చెప్పవచ్చును.

కనుక నేడు ఉదయము రేడియోలో, పెండ్లిపందిళ్ళలో మనము విను బాణీలు అన్నమాచార్యులవి కావు. ఈ డెబ్బది యెనుబది యేండ్లలో పుట్టినవి. ఒకే పాటను ఇద్దరు విద్వాంసులు రెండు రాగములలో పాడుచుండ విన్నప్పుడు ఎవరు తప్పని విద్యార్థులు అడుగుదురు. ఆ పాట రేకుపై వ్రాసిన రాగము ఆ రెండును కాక మూడవది కావచ్చును. పండ్రెండువేలలో బాణీ కట్టినవి కొన్ని వేలకు మించవు. తక్కినవి అచ్చులో నున్నవి, తలపై రాగము పేరుతో, పాడువారి కొరకు.