డెల్ఫీన్ సేరిగ్

డెల్ఫీన్ సేరిగ్ (ఏప్రిల్ 10, 1932 - అక్టోబర్ 15, 1990) సుప్రసిద్ధ ఫ్రెంచి నటి, మహిళా హక్కుల ఉద్యమకారిణి. ఈమె లెబనాన్ రాజధాని బీరూట్‌లో జన్మించింది. అలెన్ రెనె దర్శకత్వం వహించిన "లాస్ట్ ఇయర్ ఎట్ మారియన్‌బాద్" (1961) ఈమెకు విశేష ఖ్యాతి తెచ్చిపెట్టింది.

లూయీ బున్యుయెల్ రూపొందించిన అసంగత వ్యంగ్య చిత్రం "ద డిస్క్రీట్ చార్మ్ ఆఫ్ ద బూర్జువాజీ" (1972)లో ఈమె సంపన్న గృహిణి పాత్ర పోషించింది. కొందరు ధనవంతులు కలసి విందారగించబోయిన ప్రతిసారీ ఏదో ఒక వింత ఆటంకం ఎదురవడం ఇందులోని కథాంశం. ఒకసారి సైనికులు వచ్చిపడతారు. మరొకసారి, ఒక కలలో, భోజనశాలే నాటకరంగంగా మారిపోతుంది. నాగరిక సమాజపు మర్యాదలలోని డొల్లతనాన్ని ఎండగట్టిన ఈ చిత్రానికి ఉత్తమ విదేశీ భాషా చిత్రంగా ఆస్కార్ పురస్కారం లభించింది.

తెరపై ఆ మర్యాదలకు ప్రతిరూపంగా కనిపించిన సేరిగ్, నిజజీవితంలో వాటిని ధిక్కరించింది. ఫ్రాన్సులో గర్భస్రావం నేరంగా ఉన్న 1971లో, తాము గర్భస్రావం చేయించుకున్నామని బహిరంగంగా ప్రకటించిన 343 మంది మహిళలలో ఈమె ఒకరు. 1982లో సిమోన్ ద బోవా పేరిట దృశ్య శ్రవణ కేంద్రాన్ని స్థాపించిన ముగ్గురు మహిళలలోనూ ఈమె ఒకరు. ఈమె పారిస్‌లో మరణించింది.