ఈ క్రిస్మస్‌కు ఒక కుర్చీ వేద్దాం



డిసెంబరు వచ్చిందంటే లాలాపేట్, నాచారం, ఉప్పల్ వీధుల్లో విశ్వాసుల ఇళ్ల మీద నక్షత్రాలు వెలుగుతాయి. సెమీ క్రిస్మస్ కూడికలు, క్యారల్స్, కొత్త బట్టలు, కేకులు, అన్నిటికీ సిద్ధపడతాం. నాలుకను సిద్ధపరచుకోవడం మాత్రం మరచిపోతాం. ముందు వరుస కుర్చీల దగ్గర, మైకు దగ్గర, భోజనాల వరుసలో, చర్చి బయట బండ్లు నిలిపే చోట మాటామాటా పెరిగేది ఈ నెలలోనే. అందుకే ఈ ఆగమన కాలంలో బిషప్ అజరయ్య గారిని జ్ఞాపకం చేసుకుందాం. ఆయన జీవితంలోని పెద్ద రోజులు కొన్ని క్రిస్మస్ దినాల్లోనే వచ్చాయి.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విలై గ్రామంలో, ఒక పాదిరి గారి ఇంట జన్మించారు. యౌవనంలో వై.ఎం.సి.ఎ. సేవలో దేశమంతా తిరిగారు. సువార్త భారం పరదేశులదే అన్నట్టు మనవాళ్లు చేతులు కట్టుకుని కూర్చోవడం ఆయనను బాధించింది. 1903లో తిరునెల్వేలి భారతీయ మిషనరీ సంఘం ఆరంభానికి పూనుకున్నారు. 1905 క్రిస్మస్ రోజున సెరాంపూర్‌లో జాతీయ మిషనరీ సంఘాన్ని స్థాపించినవారిలో ఆయన ఒకరు.

ఇతరులను పంపి తాను ఇంట ఉండలేదు. 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు కుటుంబంతో తరలివచ్చారు. మాతృభాష తమిళం. పల్లె ప్రజలతో వారి మాటలోనే మాట్లాడాలని ముప్పై అయిదేళ్ల వయస్సులో తెలుగు నేర్చుకున్నారు. ఒకరిని గౌరవించడానికి ముందు వారి భాషకు చెవి ఒగ్గాలి. ఆయన మొదటి సిద్ధపాటు అదే.

1910లో ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడ అజరయ్య గారు చాలామందికి రుచించని సంగతి ఒకటి ఎత్తారు. మన దేశానికి వచ్చిన మిషనరీలు త్యాగమూర్తులే, తమకున్నది పేదలకు పంచినవారే. అయినా భారతీయ తోటి పనివారితో చేయి కలపడానికి, వారిని తమ భోజనపు బల్ల దగ్గర కూర్చోబెట్టుకోవడానికి చాలామంది వెనకాడేవారు. పరలోకపు మహిమను ప్రకటించేవారు తమ ఇంట ఒక కుర్చీ వేయలేకపోతున్నారని ఆయన ఎత్తిచూపారు. దానధర్మాలకు కృతజ్ఞత చెబుతూనే స్నేహాన్ని అడిగారు. సభలో కొందరు నొచ్చుకున్నారు. ఆయన మాటలో నిజం ఉంది, ద్వేషం లేదు. అందుకే నూరేళ్లు దాటినా సంఘం ఆ ప్రసంగాన్ని మరువలేదు.

భారతీయుడు బిషప్ కావడమేమిటని అభ్యంతరాలు లేచాయి. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ గారు ఆయన పక్షాన నిలిచారు. 1912 డిసెంబరు 29న, క్రిస్మస్ అయిన నాలుగు రోజులకు, కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో అజరయ్య గారు ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్‌గా అభిషేకం పొందారు. తరువాత డయోసిస్ విస్తరించినప్పుడు యూరోపియన్ మిషనరీలూ ఆయన అధికారం కింద పనిచేశారు. పాత అవమానాలకు బదులు తీర్చుకునే పదవిగా ఆయన దానిని వాడుకోలేదు.

ఎడ్లబండి మీద, సైకిలు మీద పల్లె పల్లె తిరిగారు. ఊరి బయటకు నెట్టబడిన వారితో కలిసి కూర్చున్నారు. సంఘంలో కులభేదం ఉండరాదని పట్టుబట్టారు. బాప్తిస్మం పొందినవారిచేత తలపై చేయి పెట్టించి, సువార్త చెప్పే బాధ్యత తమదేనని ఒప్పుకోలు చేయించేవారు. నోటి సాక్ష్యంతోపాటు నడవడి మారాలన్నది ఆయన బోధ. 1939 జనవరి 6న, ప్రభువు ప్రత్యక్షత పండుగ నాడు, డోర్నకల్ కెథడ్రల్ ప్రతిష్ఠ జరిగింది. మన దేశపు మందిరాల, మసీదుల శిల్పరీతులు రెండూ ఆ కట్టడంలో కలిసి ఉన్నాయి. 1945 జనవరి 1న, క్రిస్మస్ కాలంలోనే, ఆయన డోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించారు.

ప్రియులారా, ఆనాడు ఆ కుర్చీ వేయనివారు పరదేశులు. నేడు మన సంఘాల్లో వేయనివారు ఎవరు? కానుక కవరు బరువును బట్టి ముందు వరుస చూపించేది ఎవరు? యాకోబు పత్రిక రెండవ అధ్యాయం మన స్వాగత బృందాల కోసం రాసినట్టే ఉంటుంది. ఏడాదికి ఒక్కసారి, క్రిస్మస్ నాడే చర్చికి వచ్చేవారిని ఇన్నాళ్లూ ఏమయ్యారని గుమ్మం దగ్గరే దెప్పిపొడిస్తే, వారు మళ్లీ ఏడాదికి కూడా రాకపోవచ్చు. ఒక ఆత్మను దూరం చేయడానికి ఒక్క మాట చాలు.

కాబట్టి ఇంకా సమయం ఉండగానే సిద్ధపడదాం. ఎవరితో మాటలు ఆగిపోయాయో వారి ఇంటికి పండుగకు ముందే వెళ్దాం. అర్ధరాత్రి క్యారల్స్‌కు వెళ్లినప్పుడు పక్కింట్లో పసిబిడ్డ, రోగి, అన్యమతస్థులు ఉన్నారని గుర్తుంచుకుని డప్పు తగ్గిద్దాం. చర్చి ఊడ్చే అక్కను, వాచ్‌మన్ అన్నను మన వరుసలోనే కూర్చోబెట్టి ముందు వారికి వడ్డిద్దాం. సత్రంలో స్థలం దొరకని ప్రభువు పుట్టిన పండుగ ఇది. మన ప్రక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంచి, వచ్చినవారిని పేరు అడిగి కూర్చోమందాం.